కవళ్ల చేప మీద నేరం మోపిన మూడు వారాలు

మార్చి మూడో వారంలో ఒక రాత్రి, కవళ్ల చేప ఒంటి మీద పడి తిరిగొచ్చిన కాంతికి ధ్రువణ నిష్పత్తి, అంటే మొత్తం కాంతిలో ఒకే తీరుగా కంపించే భాగం, 1.12 అని కంప్యూటర్ చెప్పింది. ఈ అంకె ఒకటిని దాటకూడదు. వచ్చిన జీతం వంద రూపాయలు, అందులోంచి కిరాణా కొట్టుకు నూట పన్నెండు రూపాయలు కట్టాను అన్నట్టు ఉంటుంది ఆ లెక్క. మనుషులైతే అప్పు చేశారనుకోవచ్చు. కాంతికి అప్పు పుట్టదు.

నేను డిగ్రీ కాలేజీలో భౌతికశాస్త్రం చెబుతాను. సాయంత్రాలు, సెలవు రోజులు ఒక ప్రయోగశాల మూలన అరువు బల్ల మీద పీహెచ్‌డీ పని చేసుకుంటాను. ఉండేది విశాఖ పెదజాలారిపేటలో, పుట్టింటికి నాలుగిళ్ల అవతల. మా మామయ్యకు ఫైబర్ బోటు ఉంది. ఆ బోటు లేకపోతే నా పరిశోధనకు చేప లేదు. కవళ్లంటే మన వైపు వేసవికి ముందు గంపల కొద్దీ దిగే వెండి రంగు చిన్న చేపలు, సార్డిన్లు. పులుసుకు బాగుంటాయి, ముళ్లు ఎక్కువ. నాకు కావలసింది మాత్రం వాటి చర్మం.

ధ్రువణం అనే మాట ఇంటర్మీడియట్‌లో చదివి పరీక్ష అయ్యాక మరిచిపోయినవాళ్లకు నేను చెప్పే మార్గం ఒకటే: మంచి పోలరాయిడ్ కళ్లద్దాలు పెట్టుకుని మధ్యాహ్నం దాటాక బీచ్ రోడ్డు గోడ మీద కూర్చోండి. సముద్రం మీది తళతళ తగ్గి నీళ్ల లోపలి రంగు పైకి వస్తుంది. తల పక్కకు వాల్చండి, తళతళ మళ్లీ వస్తుంది. నీటి మీద పరావర్తనం చెందిన కాంతిలో అడ్డంగా కంపించే భాగమే ఎక్కువ. కళ్లద్దాలు నిలువు కంపనాలను మాత్రమే రానిస్తాయి. నీటికి లంబంగా గీసిన గీత నుంచి 53 డిగ్రీల వాలులో చూస్తే ఈ ప్రభావం పూర్తిగా ఉంటుంది. అక్కడ పరావర్తనమైన కాంతి అంతా అడ్డ కంపనమే. బ్రూస్టర్ అనే శాస్త్రవేత్త దీన్ని 1815లో సూత్రంగా చెప్పాడు, అందుకే ఆ వాలును బ్రూస్టర్ కోణం అంటారు.

మామయ్య జగదాంబ దగ్గర మూడు వందలు పెట్టి కొన్న "పోలరాయిడ్" కళ్లద్దాలను ఒకసారి నా పాత కాలిక్యులేటర్ తెర ముందు పెట్టి తిప్పాను. కాలిక్యులేటర్ తెర నుంచి వచ్చేది ధ్రువిత కాంతి, నిజమైన పోలరాయిడ్ అయితే ఏదో ఒక కోణంలో తెర నల్లబడాలి. ఎంత తిప్పినా అంకెలు అలాగే కనిపించాయి. నల్లగాజు, అంతే. "నీళ్లలో చేప కనిపిస్తోందిగా" అని ఆయన వాదన. ముప్పై ఏళ్లుగా నీళ్లు చూసిన కళ్లు, అద్దాలు ఉన్నా లేకపోయినా ఆయనకు కనిపిస్తుంది.

సముద్రం, ధ్రువణం, విశాఖ అనగానే ఎవరైనా రామన్ పేరు ఎత్తుతారు. నేనూ ఎత్తుతాను. ఆయన తండ్రి ఇక్కడి ఏవీఎన్ కళాశాలలో అధ్యాపకుడు. రామన్ బడి చదువు సెయింట్ అలోషియస్‌లో, ఆ తర్వాత కొన్నేళ్లు ఏవీఎన్‌లోనే. సైన్స్ దినోత్సవం ప్రసంగాల్లో ఈ మాట చెప్పి, అక్కడి నుంచి ఒక్క గెంతులో "ఈ తీరంలోనే ఆయనకు ఆ ఆలోచన వచ్చింది" అనేస్తారు. అదే నాకు నచ్చదు. ఆయన రాసిపెట్టింది 1921 ఓడ ప్రయాణం గురించి. ఆక్స్‌ఫర్డ్‌లో విశ్వవిద్యాలయాల మహాసభకు వెళ్లి నర్కుండా ఓడ మీద తిరిగివస్తూ, ఒక తీరు కంపనాలనే రానిచ్చే నీకల్ పట్టకాన్ని కంటికి పెట్టుకుని బ్రూస్టర్ కోణంలో సముద్రాన్ని చూశారు. నీటి మీద ఆకాశపు ప్రతిబింబాన్ని ఆ పట్టకం తీసేసింది. సముద్రపు నీలం ఆకాశం దగ్గర అరువు తెచ్చుకున్నదే అయితే దానితో పాటు నీలమూ పోవాలి. పోలేదు, ఇంకా చిక్కబడింది. నీటి అణువులే కాంతిని చెదరగొడుతున్నాయని ఆయన తేల్చింది అక్కడ. జేబులో పట్టే పరికరం, ఒక కోణం, ఒక మంచి ప్రశ్న. నా బల్ల మీద ఇప్పుడు పదకొండు రకాల మరలు, నాలుగు మోటార్లు, ఒక కెమెరా ఉన్నాయి. అంత మంచి ప్రశ్న మాత్రం లేదు. అందుకే చేపను పట్టుకున్నాను.

రామన్ శిష్యుడు సూరి భగవంతం ఆ తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చెప్పారు. గురుశిష్యులిద్దరూ కలిసి 1931లో చెదిరిన కాంతి ధ్రువణాన్ని కొలిచి, కాంతి కణానికి స్పిన్ అనే భ్రమణ గుణం ఉందని వాదించిన వ్యాసం ఒకటి ఉంది. మా ఊరికి ధ్రువణంతో బంధుత్వం కలపాలంటే నేను ఇటు నుంచి కలుపుతాను. బీచ్ కథ కన్నా ఇది గట్టిది.

ఇక చేప సంగతి. మామూలుగా పారదర్శకమైన పలుచని పొరలు ఒకదాని మీద ఒకటి పేర్చి అద్దం చేస్తే, అది వాలు కాంతిని బాగా ధ్రువితం చేస్తుంది. కవళ్ల లాంటి వెండి చేపల చర్మమూ పొరల అద్దమే. గ్వానిన్ స్ఫటికాల పలకలు, వాటి మధ్య కణద్రవం. డీఎన్ఏ అక్షరాల్లో ఒకటైన గ్వానినే ఇది, చేప దాన్ని అద్దానికి వాడుకుంటుంది. కాబట్టి చేప కూడా కాంతిని ధ్రువితం చేయాలి. కానీ 2012లో బ్రిస్టల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు యూరప్ సార్డిన్, అట్లాంటిక్ హెర్రింగ్ చర్మాలను పరీక్షించి, చేయవని చూపించారు. ఆ చర్మంలో రెండు రకాల గ్వానిన్ స్ఫటికాలు కలిసి ఉన్నాయి. వాటి దృశా అక్షాలు వేరు వేరు దిక్కుల్లో ఉంటాయి. ఒక రకం ఏ కోణంలో వెలుగును వదిలేస్తుందో, రెండో రకం ఆ కోణంలో పట్టుకుని తిప్పి పంపుతుంది. ఏ వైపు నుంచి చూసినా వెండి తగ్గదు. వెండి తగ్గితే నీళ్లలో చేప ఆకారం నల్లగా విడిపోయి కనిపిస్తుంది, వేటాడే చేపకు అది చాలు.

ఆ వ్యాసం చదివినప్పుడు నాకు వచ్చిన సందేహం చాలా చిన్నది. అవి చల్లని సముద్రాల చేపలు. మా గంపల్లో దిగేవి వాటికి దాయాదులు. వీటి చర్మం కూడా అదే నేర్చిందా? మామయ్య బోటులో పడే కటిల్ ఫిష్ కళ్లకు ధ్రువణం కనిపిస్తుందని ఎప్పుడో తేలిన సంగతి. అంటే ఈ సముద్రంలో ధ్రువణాన్ని చూసే కళ్లు ఉన్నాయి. వాటి ముందు కవళ్లు ఏం చేస్తున్నాయి?

దీనికి మామూలు ఫొటో చాలదు. కాంతి తీవ్రతతో పాటు దాని కంపనాల తీరు కూడా ప్రతి బిందువు దగ్గరా కొలవాలి. 1852లో స్టోక్స్ చెప్పిన పద్ధతి ఇప్పటికీ అదే: నాలుగు అంకెలు. మొదటిది మొత్తం కాంతి. రెండోది అడ్డం, నిలువు కంపనాల తేడా. మూడోది రెండు ఏటవాలు కంపనాల తేడా. నాలుగోది కుడికీ ఎడమకీ గుండ్రంగా తిరిగే కాంతుల తేడా. ఈ తేడాలన్నీ కలిపితే వచ్చే ధ్రువిత భాగం మొత్తం కాంతిని మించకూడదు. మించితే కొలిచినవాడిదే తప్పు. ఒక వస్తువు కాంతిని ఎలా మారుస్తుందో పూర్తిగా తెలియాలంటే, లోపలికి ఆరు రకాల ధ్రువణాలు పంపి, వచ్చినదాన్ని ఆరు రకాలుగా చూస్తాను. మొత్తం 36 ఫొటోలు. మోటారు ధ్రువణ పలకను (ఒక తీరు కంపనాలనే రానిచ్చేది) తిప్పి, ఆగి, ఫొటో తీసి, మళ్లీ తిప్పడానికి ఒక్కోదానికి పది సెకన్లు. అంటే ఆరు నిమిషాలు. ఆ ఆరు నిమిషాలూ దీపం కదలకూడదు. మధ్యలో దీపం కాస్త తగ్గితే, ఆ తగ్గుదలను చేప మీద వేసి లెక్క కట్టేస్తుంది కంప్యూటర్. దానికి తెలిసింది ఫొటోల మధ్య తేడా ఒక్కటే. ఆ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో దానికి పట్టదు.

నా దీపం ఒక హీలియం నియాన్ లేజరు. ఎర్రది, 632.8 నానోమీటర్లు. ఈ జాతి లేజర్లలో మొదటిది 1960లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో వెలిగింది, కాకపోతే అది కంటికి కనిపించని పరారుణ కిరణం. ఎరుపు 1962లో వచ్చింది. నాకిచ్చిన గొట్టం అల్మారా అడుగున దొరికింది. ఎవరూ వాడటం లేదు కనుక నాకిచ్చారు. సామర్థ్యం రెండు మిల్లీవాట్లకు లోపు. అయినా కన్ను పెట్టవద్దని మామయ్యకు మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది. లేజరు వెలుగులో ఫొటో తీస్తే బొమ్మంతా ఇసుక చల్లినట్టు చుక్కలు వస్తాయి. దానికి విరుగుడుగా కిరణం దారిలో గరుకు గాజు పలకను చిన్న మోటారుతో తిప్పుతున్నాను. చుక్కలు కదిలి కలిసిపోయి నునుపుగా కనిపిస్తుంది. ఆ మోటారు పాత కంప్యూటర్ ఫ్యానుది.

జనవరిలో అంతా బాగానే వచ్చింది. సంక్రాంతి తర్వాత తీసిన పరీక్ష ఫొటోల్లో ఎక్కడా ఒకటి దాటలేదు. మార్చిలో కవళ్లు దిగాయి, అంకెలు పిచ్చెక్కాయి. ఒక రోజు 1.12, మర్నాడు అదే చేప జాతికి 0.91.

సహజంగానే చేపను అనుమానించాను. ఆరు నిమిషాల్లో చర్మం మీది తడి ఆరిపోతోందేమో, ఆ నీటి పొరే ధ్రువణాన్ని మారుస్తోందేమో అనుకుని, చేపను నీళ్లలోనే పెట్టి కొలుద్దామని చేపల తొట్టెలు అమ్మే దుకాణంలో చిన్న గాజు తొట్టె చేయించాను. తొట్టె తెచ్చాక దాని మూలల్లో జిగురు బిగించిన చోట గాజు ఒత్తిడికి లోనై, అదే ధ్రువణాన్ని తిప్పుతోందని తెలిసింది. రెండు ధ్రువణ పలకల మధ్య పెట్టి చూస్తే మూలలు నెమలి కంఠం రంగుల్లో మెరుస్తున్నాయి. చూడటానికి అందంగా ఉంది, నా ఒళ్లు మండింది. మధ్య భాగం మాత్రమే వాడుకున్నాను. 1.12 పోలేదు. ఉప్పుగాలికి పలక తిప్పే మోటారు మరలు పట్టేశాయేమో అని వాటిని విప్పి తుడిచాను. ఈ ఊళ్లో అది ఎప్పుడూ సగం నిజమే. సముద్రం కనిపించే కిటికీ ఉన్న గదిలో ఏ మరా ఏడాది తర్వాత మొదటిలా తిరగదు. పోలేదు. కెమెరాను అనుమానించి దాని నల్ల చిత్రాలు, తెల్ల చిత్రాలు మళ్లీ తీశాను. పోలేదు.

లేజరును కూడా పరీక్షించాను. అన్నిటికన్నా ముందు దాన్నే పరీక్షించాను. కిరణం ముందు పవర్ మీటరు పెట్టి గంట సేపు చూశాను, అంకె రెండు శాతం కూడా కదల్లేదు. నిర్దోషి అని వదిలేశాను. ఆ రోజు నోటు పుస్తకంలో "లేజరు స్థిరం" అని రాసి కింద రెండు గీతలు గీశాను. ఇప్పుడు ఆ పేజీ తిప్పినప్పుడల్లా ఆ రెండో గీత నన్ను చూసి నవ్వుతుంది.

మూడు వారాల తర్వాత నాకు బుద్ధి వచ్చింది. చేపను తీసేసి దాని స్థానంలో మామూలు అద్దం పెట్టాను. అద్దానికి ఏం రావాలో పుస్తకంలో ఉంది, వాదన అక్కర్లేదు. 1.09 వచ్చింది. చేప నిర్దోషి. ఈ పని మొదటి రోజే చేసి ఉండాల్సింది. ప్రయోగం చెడినప్పుడు ముందు తెలిసిన వస్తువును పెట్టి చూడమని నేను పిల్లలకు ప్రతి ఏడూ చెబుతాను.

తర్వాత కెమెరా కూడా తీసేసి, ధ్రువణ పలక వెనక కాంతిని వోల్టేజీగా మార్చే ఫొటోడయోడ్ ఒకటి పెట్టి దాని వోల్టేజీని కంప్యూటర్ తెర మీద గీత గీయించాను. అప్పుడు కనిపించింది. గీత అలలా లేచి పడుతోంది. మామూలు అల కాదు, లేచినప్పటికీ పడినప్పటికీ మధ్య కాంతి సగానికి పైగా తగ్గుతోంది. లేజరు వెలిగించిన కొత్తలో అలలు దగ్గర దగ్గరగా, తర్వాత మెల్లగా, గంట గడిచాక కొంత సేపు ఆగి మళ్లీ మొదలు. పలక తీసేసి నేరుగా కిరణాన్ని కొలిస్తే ఏ అలా లేదు. పలక పెడితే అల. తల గోక్కుంటూ కూర్చున్నాను.

ప్రయోగశాలలో మా బాబాయ్ ఒకాయన ఉన్నారు. చుట్టరికం లేదు, ఏళ్ల తరబడి ఆ గదులు ఊడ్చి, తాళాలు వేసి, మా టీలు తెచ్చిన పెద్దమనిషి, అందరికీ బాబాయే. తాళాల గుత్తి పట్టుకుని నేనెప్పుడు లేస్తానా అని నిలబడి తెర వైపు చూస్తున్నారు. "మేడమ్, ఏసీ ఆగినప్పుడల్లా ఆ గీత కదులుతోంది చూశారా?" అన్నారు. నేను చూడలేదు. చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని గీత చూస్తున్నాను. ఆయనకు ఏసీ చప్పుడే గడియారం, అది ఆగితే నేను బయలుదేరుతానని ఆశ. ఇయర్‌ఫోన్లు తీశాను. కంప్రెసర్ ఆగింది, రెండు నిమిషాల్లో గీత వంగింది. కంప్రెసర్ మొదలైంది, గీత వెనక్కి తిరిగింది. మొత్తం ఆవృత్తి ఏడు నిమిషాల చిల్లర. నా కొలత ఆరు నిమిషాలు. ఒక్కో చేపకు ఏసీ మూడ్ ఒక్కోలా దొరికింది.

ఆ రాత్రి ఇంటికి వెళ్లి పాత పాఠ్యపుస్తకం తీశాను. కారణం అందులోనే ఉంది, నేను ఎమ్మెస్సీలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్న కారణం. లేజరు గొట్టం రెండు చివర్లా అద్దాలు. ఆ అద్దాల మధ్య దూరంలో అర్ధ తరంగాలు సరిగ్గా పూర్ణసంఖ్యలో ఇమడాలి. నా గొట్టంలో అద్దాల మధ్య 23 సెంటీమీటర్లు. 316 నానోమీటర్ల అర్ధ తరంగాలు అందులో దాదాపు 7 లక్షల 27 వేలు పడతాయి. ఒకటి ఎక్కువైనా ఇముడుతుంది, ఒకటి తక్కువైనా ఇముడుతుంది, అందుకే ఒకే కిరణంలో రెండు మూడు పౌనఃపున్యాలు కలిసి ఉంటాయి. నా గొట్టానికి వాటి మధ్య తేడా 650 మెగాహెర్ట్జ్. అసలు మెలిక ఇక్కడుంది. ఇలాంటి గొట్టాల్లో పక్కపక్క పౌనఃపున్యాలు ఒకదానికొకటి లంబంగా కంపిస్తాయి. ఒకటి నిలువు అయితే పక్కది అడ్డం.

గొట్టం వేడెక్కి కాస్త పొడవైతే వరుస అంతా జరుగుతుంది. నిలువుది నీరసించి, అడ్డందానికి బలం వస్తుంది, మరికాసేపటికి తారుమారు. ఏతం మాను మీద ఒక కొస లేస్తే రెండో కొస దిగినట్టు. మొత్తం కాంతి మారదు, అందుకే నా పవర్ మీటరు అమాయకంగా నిలబడింది. మధ్యలో ధ్రువణ పలక పెట్టిన మరుక్షణం మనకు ఏతం ఒక్క కొసే కనిపిస్తుంది. గొట్టం రెండు అర్ధ తరంగాలంత, అంటే 633 నానోమీటర్లు పెరిగితే ఒక అల పూర్తవుతుంది. బోరోసిలికేట్ గాజు అయితే ఒక్క డిగ్రీకి ఆ పొడవు ముప్పావు మైక్రాన్ పెరుగుతుంది. అంటే గదిలో ఒక డిగ్రీ తేడా వస్తే ఒక అల దాటిపోతుంది. వేసవిలో విశాఖలో ఏసీ ఒక డిగ్రీ లోపల గదిని పట్టి ఉంచుతుందని ఎవరైనా చెబితే, ఆయనకు బిల్లు కట్టే అలవాటు లేదని అర్థం.

మరి జనవరిలో ఎందుకు బాగుంది? మర్నాడు బాబాయ్‌ని అడిగాను, లేజరు దగ్గర ఏమైనా మారిందా అని. శివరాత్రి ముందు దుమ్ము దులిపినప్పుడు గొట్టం వదులు చేసి, తుడిచి, మళ్లీ బిగించారట. "జాగ్రత్తగానే పెట్టానమ్మా" అని కంగారుపడ్డారు. ఆయన తప్పు కానే కాదు. గొట్టం మీది అల్యూమినియం తొడుగుపై పాత పరిశోధకులెవరో మార్కర్‌తో ఒక గీత గీసి, పక్కన 45 అని రాసి పెట్టారు. నేను దాన్ని సామాను లెక్క నంబరు అనుకున్నాను. ఆ గీత పైకి ఉండాలని దాని అర్థం. అప్పుడు గొట్టంలోని నిలువు, అడ్డం కంపనాలు నా పలకకు 45 డిగ్రీల ఏటవాలుగా నిలుస్తాయి. ఏతం రెండు కొసల్లోంచీ పలక సరిసమానంగా సగం సగం తీసుకుంటుంది, ఒకటి లేచినా మరొకటి దిగినా కూడితే అంతే. దుమ్ము దులిపాక గీత పక్కకు తిరిగింది.

మరలు వదులు చేసి గీతను పైకి తిప్పాను. తెర మీద అల దాదాపు చదునైంది. బాబాయ్ ఆ రోజు టీకి డబ్బులు తీసుకోలేదు. ఎందుకో నాకు అర్థం కాలేదు, బహుశా నా ముఖం చూసి జాలిపడి ఉంటారు.

అది ఏప్రిల్ 10. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మన తీరంలో వేట నిషేధం, మామయ్య బోటు కదలదు. చేతిలో నాలుగు రోజులు. ఆ నాలుగు రోజులూ మామయ్య తెల్లవారుజామున ఐసు పెట్టెలో కవళ్లు తెచ్చి ప్రయోగశాల మెట్ల దగ్గర ఇచ్చారు. రెండో రోజు లోపలికి వచ్చి కూర్చుని, చీకటి గదిలో ఎర్ర వెలుగులో చేప 36 భంగిమల్లో ఫొటో దిగడం చూసి, "ఎందుకమ్మాయీ దానికి ఇంత ముస్తాబు, పెళ్లిచూపులకు పంపుతావా?" అన్నారు. పోల్చి చూడటానికి పక్కన మైక్రోస్కోపు కవర్‌గ్లాసులు పది పేర్చి మరో అద్దం చేశాను. నీళ్లలో గాజుకు బ్రూస్టర్ కోణం దాదాపు 49 డిగ్రీలు. ఆ కోణం చుట్టూ గాజు పొరల కాంతి గట్టిగా ధ్రువితమైంది, పుస్తకం చెప్పినట్టే. పక్కనే చేప పక్క భాగం దాదాపు ఏ రంగూ పట్టని గుడ్డలా ఉండిపోయింది. నా తెర మీద ధ్రువణానికి పసుపు రంగు పెట్టుకున్నాను. గాజు పసుపు ముద్ద, చేప బూడిద రంగు. మొప్ప మూత మీద మాత్రం అక్కడక్కడ పసుపు మెరిసింది.

పదకొండు చేపలు. అందులో రెండు ఐసులో నలిగినవి. ఇంత దానితో ఏమీ రాయలేను, రాయను కూడా. పైగా 45 డిగ్రీల చిట్కా దీపాన్ని నెమ్మది చేసిందే కానీ నిలబెట్టలేదు, మూడో పౌనఃపున్యం తొంగి చూసినప్పుడల్లా చిన్న అల మిగిలే ఉంది.

అందుకని ఈ నిషేధం రోజుల్లో లేజరుకే కళ్లెం వేసే పని పెట్టుకున్నాను. పద్ధతి కొత్తది కాదు, 1972లోనే జర్మనీ వాళ్లు ప్రచురించారు. నన్ను మూడు వారాలు ఏడిపించిన ఆ ఏతం ఉంది చూడండి, అదే కొలమానం. గొట్టం వెనక అద్దం గుండా కొద్దిగా కారే కాంతిని ఒక ఘనపు పట్టకంతో నిలువు, అడ్డంగా విడదీసి, రెండింటికీ చెరొక ఫొటోడయోడ్ పెట్టాలి. రెండూ సమానంగా ఉంటే గొట్టం పొడవు సరిగ్గా అక్కడే ఉన్నట్టు. నిలువుది పెరిగితే వేడి కాస్త పెంచు, అడ్డందైతే తగ్గించు. గొట్టానికి చుట్టిన సన్నని హీటరు తీగ ఆ పని చేస్తుంది. తీగకు చల్లబరచడం రాదు కాబట్టి గొట్టాన్ని ముందే గది కన్నా బాగా పైన, 60 డిగ్రీల దగ్గర ఉంచాలి. అప్పుడు వేడి తగ్గించడమే చల్లబరచడం.

తీగ చుట్టించడానికి డాబా గార్డెన్స్ వైపు ఒక రివైండింగు షాపుకు వెళ్లాను. "ఫ్యానా, మిక్సీనా?" అని అడిగాడు ఆ అబ్బాయి. తీగను మధ్యకు మడిచి, జంటగా చుట్టమన్నాను. ఒకే వైపు చుట్టితే కరెంటు పారినప్పుడు అయస్కాంత క్షేత్రం పుట్టి లోపలి ధ్రువణాలను చెడగొడుతుంది. జంటగా చుట్టితే వెళ్లే కరెంటు, వచ్చే కరెంటు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. "ఇలా చుడితే మోటారు తిరగదు మేడమ్" అన్నాడు. తిరగకూడదనే అని చెప్పాను. నూట ఎనభై రూపాయలు తీసుకుని, నాకు మతి చలించిందన్న అనుమానంతోనే అందంగా చుట్టి ఇచ్చాడు. అంత నీటుగా నేను చుట్టలేను.

హీటరును నడిపే చిన్న కంప్యూటర్ బోర్డు ఆర్డునోకు ప్రోగ్రాము మా మూడో సంవత్సరం అమ్మాయి రాసింది. మొదటి రోజు అది భయంతో నా దగ్గరకు వచ్చింది, ఫొటోడయోడ్ల తీగలు తారుమారుగా కలిపానని. హీటరు ఆగకుండా కాలిపోతుందని దాని బెంగ. తెర చూస్తే రెండు గీతలూ కలిసి కుదురుగా ఉన్నాయి. ఏతం ఎక్కేటప్పుడూ మధ్యకు వస్తుంది, దిగేటప్పుడూ మధ్యకు వస్తుంది. గుర్తు తప్పితే కంట్రోలరు ఎక్కే దారి వదిలి దిగే దారిలో పట్టుకుంటుంది, అంతే తేడా. తప్పు చేసినా పని చేసే యంత్రం నా జీవితంలో ఇదొక్కటే.

పోయిన గురువారం రాత్రి అద్దం పెట్టి కొలిచాను. ఏసీ ఆగింది, మొదలైంది, మళ్లీ ఆగింది. అంకె 0.98కీ 1.00కీ మధ్య నిలబడింది. ఏసీని పూర్తిగా కట్టేసి, కిటికీ తెరిచి సముద్రపు గాలి రానిచ్చి మళ్లీ కొలిచాను. అదే అంకె. నోటు పుస్తకంలో రాశాను, ఈసారి ఒక్క గీతే గీశాను.

నిన్న సాయంత్రం కరెంటు పోయింది. వచ్చాక గొట్టం వేడెక్కి మళ్లీ పట్టు దొరకడానికి 24 నిమిషాలు పట్టింది. ఆ చీకట్లో కూర్చుని ఇది రాయడం మొదలుపెట్టాను. ఇప్పుడు దీపం సిద్ధం, చేప లేదు. ఇందాక ఇంటికి వస్తూ చూస్తే మామయ్య ఇసుకలో బోటు నీడన కూర్చుని వల బాగుచేసుకుంటున్నారు. ఇంకా పందొమ్మిది రోజులుందన్నారు. మొదటి వేటలో ఏం పడుతుందో చెప్పలేనని, కవళ్లు పడకపోతే కానాగంతలు పట్టుకుపొమ్మని అన్నారు. వాటి వీపు మీద చారలుంటాయి, వాటికింకా కోణాలు లెక్క కట్టలేదు.